ఎవరి హరివిల్లు వారిది

తెలుగువారు సూర్యచంద్రుల చుట్టును అప్పుడప్పుడు ఏర్పడు కాంతివలయమునకు గుడి అని పేరు పెట్టిరి. వరదగుడి యనియు, గాలిగుడి యనియు పెద్దలు వాడిన మాటలు నిఘంటువులలో కలవు. అక్షరములు దిద్దు బాలుడు ‘క’కారమునకు గుడి యిచ్చి ‘కి’ యని చదువును. అచ్చట గుడి యనగా వంపు తిరిగిన గీత. ఊరి నడుమ గుడి యనగా దేవుడున్న చోటు. ఒక్క మాటలో వలయమును, ఆలయమును ఇమిడియుండుట మన భాష చేసికొన్న భాగ్యము. అట్లే వానకాలమున మింట వెలయు ఏడురంగుల వంపునకు హరివిల్లు అని పేరు. హరి శబ్దమునకు ఇంద్రుడను అర్థమును కలదనియు, కావున హరివిల్లనగా ఇంద్రధనుస్సే యనియు పండితులు చెప్పుదురు. ఆ మాట సరియైనదే. అయినను హరి యన్నంతనే వైష్ణవ గృహములలో తలపునకు వచ్చువాడు ఇంద్రుడు కాడు గదా!

2021వ సంవత్సరము జూన్ 2వ తేదీన హైదరాబాదు నగరముపై సూర్యుడు గుడి కట్టెను. అంతకు తొమ్మిది దినములకు పూర్వము, మే 24న, బెంగుళూరు వాసులకును ఇట్టి దృశ్యమే కనబడెను. కరోనా వ్యాధి భయముచేత జనులు గడప దాటుటకు జంకుచున్న దినములవి. ఆలయ దర్శనము సైతము దుర్లభమైన ఆ వేళ ఆకాశమున గుడి కనబడగా, మేడలపైకి ఎక్కినవారు చేతిలోని ఫోనులెత్తి చిత్రములు తీసిరి. తీసినవానిని బంధుమిత్రులకు పంపిరి. ఇది శుభమా, అశుభమా యను ప్రశ్న ఇట్టి వేళ పుట్టుట సహజము. అంతకంటె లోతైన ప్రశ్న మరియొకటి కలదు. ఆ చిత్రములో చిక్కినది ఏది? అది ఆకాశమున ఉన్నదా, లేక చూచినవాని స్థానమును బట్టి కలిగినదా? భక్తుడు తన స్వామిని చూచునపుడును ఈ ప్రశ్నయే వేరొక రూపమున ఎదురగుచున్నది గనుక దీనిని కొంత నిదానముగా విచారింపదగును.

మన పూర్వులు ఈ వింతలను కేవలము శకునములుగా చూచి విడిచిపెట్టలేదు. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో పరివేషమునకు ఒక అధ్యాయము, ఇంద్రాయుధమునకు ఒకటి, గంధర్వనగరమునకు ఒకటి, ప్రతిసూర్యునకు ఒకటి వేర్వేరుగా కేటాయించెను. ఫలములు చెప్పిన మాట నిజమే. ఏ రంగు గుడి రాజ్యమునకు కీడు, ఏది క్షేమము అను లెక్కలు అందు కలవు. కాని వానితో పాటు కారణమును గూడ చెప్పెను. సూర్యచంద్రుల కిరణములు పలుచని మబ్బుగల ఆకాశమున గాలిచేత మండలాకారము పొంది పలురంగులతో కనబడుటయే పరివేషమనియు, సూర్యకిరణములే మబ్బు పట్టిన మింట గాలికి చెదరి విల్లువలె తోచుటయే ఇంద్రాయుధమనియు ఆయన భావము. గాలి చేయు పనిని గూర్చి నేటి శాస్త్రజ్ఞులు వేరుగా చెప్పుదురు. అయినను కిరణమును, మబ్బును జతపరచి ఆలోచించుటలో ఆ మహానుభావుని చూపు దారి తప్పలేదు.

నేటి శాస్త్రము చెప్పునది ఇట్లున్నది. భూమికి సుమారు 6 కిలోమీటర్లకు పైన, పలుచని తెర పరచినట్లుండు మబ్బులలో నీటిబొట్టులుండవు. ఆరు పలకల మంచుస్ఫటికములుండును. క్రింద ఎండ మండుచున్నను పైన మంచు మంచుగనే యుండును. అందువలననే వేసవి చివర హైదరాబాదులో సైతము ఇట్టి గుడి కనబడగలిగినది. కిరణము స్ఫటికము యొక్క ఒక పలకలో ప్రవేశించి, ఒక పలక విడిచి ఆవలి పలకనుండి వెలువడునపుడు కనీసము 22 డిగ్రీలు వంగును. ఆ వంపే సూర్యుని చుట్టును వలయమై కనబడును. లోపలి అంచు ఎరుపు. వలయము లోపలి ఆకాశము వెలుపలి దానికంటె కొంత నల్లనగును. చేయి బారుగా చాచి వ్రేళ్ళు విప్పి జాన పట్టినచో, బొటనవ్రేలి కొననుండి చిటికెనవ్రేలి కొనవరకు సుమారుగా ఇదే కొలత. హైదరాబాదులోనైనను, హిమాలయములలోనైనను ఈ కొలత మారదు. పలకల వంటి స్ఫటికములు గాలిలో అడ్డముగా తేలుచున్నపుడు సూర్యునకు ఇరుప్రక్కల రెండు వెలుగు మచ్చలు కూడ పొడసూపును. వరాహమిహిరుడు వేరుగా అధ్యాయము వ్రాసిన ప్రతిసూర్యుడు ఇతడే.

గుడి దగ్గరైన వాన దూరమనియు, గుడి దూరమైన వాన దగ్గరయనియు పల్లెలలో ఒక సామెత కలదు. పెద్ద వలయము కట్టు ఎత్తైన మంచుమబ్బు పలుమారులు వానమబ్బునకు ముందు నడచుచుండును. చంద్రుని అంటిపెట్టుకొని యుండు చిన్న వలయము పలుచని మబ్బులోని నీటి తుంపరల వలన కలుగును. దానికి వానతో అంత పొత్తు లేదు. సామెత ఎల్లవేళల నిజము కాకపోయినను, చూచి చూచి చెప్పిన మాటయని తెలియుచున్నది.

ఈ గుడిని చిత్రములో పట్టగోరువారికి మొదటి నియమము ఒకటి కలదు. సూర్యబింబమును తిన్నగా చూడరాదు. కెమెరా కంటిలోనుండి అసలే చూడరాదు. క్షణకాలము చాలు, చూపునకు హాని కలుగుటకు. కావున చిత్రకారులు సూర్యుని ఏదో ఒకదాని చాటున ఉంచుదురు. దీపస్తంభమో, చెట్టుకొమ్మయో, చివరకు తమ బొటనవ్రేలో అడ్డు పెట్టుదురు. క్షేత్రములలో ఇందుకు గోపురము మిక్కిలి అనువైనది. శిఖరము బింబమును కప్పునట్లు గోపురపు నీడలో నిలిచినచో, కన్ను చెదరక వలయమంతయు నిర్మలముగా కనబడును. 28 మిల్లీమీటర్ల కటకముతో పెద్ద కెమెరాలో అది నిండుగా ఇమిడిపోవును. మండు సూర్యునకెదురుగా నిలిచినవానికి వలయము కనబడదు. స్వామి గోపురపు నీడను ఆశ్రయించినవానికి కనబడును. ఇది కేవలము కంటికి సంబంధించిన సూత్రమే కావచ్చును. భక్తులకు మాత్రము మరియొక సంగతి తోచకమానదు.

సూర్యమండలమధ్యమున పద్మాసీనుడైన నారాయణుని ధ్యానించుట మన నిత్యకర్మలో భాగము. ఛాందోగ్యోపనిషత్తు ఆదిత్యునిలోని హిరణ్మయ పురుషుని కన్నులను వర్ణించుచు ‘కప్యాసము’ అను పదము వాడినది. ఈ పదమును గూర్చి శ్రీవైష్ణవ సంప్రదాయమున ప్రసిద్ధమైన కథ ఒకటి కలదు. రామానుజులు యాదవప్రకాశుని వద్ద విద్య నేర్చుచున్న దినములవి. ఒకనాడు గురువుగారికి తలయంటుచుండగా ఆయన ఆ పదమునకు కోతి పృష్ఠభాగమను అర్థము చెప్పి, భగవంతుని నేత్రములను దానితో పోల్చెను. విన్న శిష్యుని కంటినుండి వేడి కన్నీరు గురువు తొడపై రాలెను. ఏమని అడుగగా రామానుజులు వేరొక అర్థము విన్నవించిరి. ‘కం’ అనగా జలము. దానిని పానము చేయువాడు గనుక ‘కపి’ అనగా సూర్యుడు. ఆ సూర్యునిచేత వికసింపజేయబడిన తామరవంటి కన్నులని అర్థము. అక్షరములు అవే, వాక్యము అదే. ఒకరికి అందు కోతి కనబడినది, మరియొకరికి పుండరీకాక్షుడు కనబడినాడు. చూపు ఎచ్చటినుండి బయలుదేరినదో అనుదానిపై దర్శనము ఆధారపడియుండుటకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము లేదు.

నీటిని త్రాగు ఆ సూర్యుడే నీటిచుక్కలో ప్రవేశించి హరివిల్లు అగుచున్నాడు. కిరణము వానచినుకులోనికి పోవుచు వంగి, లోపలి గోడకు తగిలి మరలి, బయటికి వచ్చుచు మరల వంగును. ఈ ప్రయాణమున రంగులు విడివడును. 1637లో డెకార్ట్ అను ఫ్రెంచి పండితుడు ఈ కోణమును లెక్కకట్టెను. రంగులు ఏల విడివడునో తరువాత న్యూటన్ వివరించెను. ఎరుపు సుమారు 42 డిగ్రీల వద్దను, ఊదా సుమారు 40 డిగ్రీల వద్దను నిలుచును. ఆ పైన 51 డిగ్రీల ప్రాంతమున రంగులు తారుమారైన రెండవ విల్లు కలదు; రెంటికి నడుమ ఆకాశము చీకటి పట్టెవలె కనబడును. సూర్యుడు 42 డిగ్రీలకంటె ఎత్తున నున్నపుడు నేలపై నిలిచినవానికి విల్లు లేదు. కావున ప్రొద్దుట పడమటను, సాయంకాలము తూర్పునను వెదుకవలెను. మిట్టమధ్యాహ్నమున వెదకి లాభములేదు.

ఈ కోణములన్నియు ఎచ్చటినుండి కొలువబడుచున్నవి? ఇందే అసలు విషయమున్నది. సూర్యుని వీపునకు పెట్టి నిలిచినవాని తలనీడ ఎచ్చట పడునో, అదియే హరివిల్లునకు కేంద్రము. అతడు ఒక అడుగు జరిగిన కేంద్రమును జరుగును, విల్లును జరుగును. అతనికి ఎర్రని కాంతి పంపిన చినుకు ప్రక్కవానికి మరియొక రంగు పంపును, లేదా ఏమియు పంపదు. తల్లియు బిడ్డయు ఒకే అరుగుపై నిలిచి ఒకే విల్లును చూచుచున్నామనుకొందురు; తల్లి విల్లు తల్లిది, బిడ్డ విల్లు బిడ్డది. అంతయేల, ఒకే మనుజుని కుడికంటికిని, ఎడమకంటికిని రంగులు పంపు చినుకులు వేరువేరు. ఆ చినుకులైనను నిలువవు. క్షణక్షణము పాతవి రాలిపోవును, క్రొత్తవి వచ్చి వాని స్థానమున అదే రంగును చూపి తామును రాలిపోవును. విల్లు మాత్రము కదలనట్లుండును.

కావున హరివిల్లు చిత్రము తీసినవాడు తెలిసియో తెలియకయో తన్ను తాను గూడ అందు వ్రాసికొనుచున్నాడు. చిత్రములోని వంపును పూర్తి చేసి కేంద్రమును గుర్తించినచో, కెమెరా నీడ పడిన దిక్కు దొరకును. ఛాయాగ్రాహకుడు లేని హరివిల్లు చిత్రము లోకమున లేదు. చిత్రము తీయుటలోను కొన్ని ఇబ్బందులు కలవు. నిండు విల్లు ఒక కొననుండి మరియొక కొనకు 84 డిగ్రీలు పరచుకొనును; దానిని పట్టుటకు 20 మిల్లీమీటర్ల కటకము కావలయును. చాలా ఫోనులలోని మామూలు కటకమునకు అది అందదు గనుకనే అనేకుల చిత్రములలో సగము విల్లే యుండును. కాంతిలోని ఒక దిశ కంపనములను మాత్రమే పోనిచ్చు ధ్రువణ ఫలకమును కటకమునకు తొడిగి మెల్లగా త్రిప్పినచో మరియొక వింత. ఒక వైపునకు త్రిప్పిన రంగులు ఉజ్జ్వలమగును. పావుచుట్టు త్రిప్పిన విల్లులోని ఆ భాగము మాయమగును. చినుకులు అట్లే యున్నవి, సూర్యుడట్లే యున్నాడు, మధ్యనున్న గాజుబిళ్ళ తిరిగినది, అంతే!

ఇంతమాత్రముచేత హరివిల్లు భ్రాంతి యనరాదు. లేనిది ఉన్నట్లు తోచుటకు గంధర్వనగరమును దృష్టాంతముగా చెప్పుట కొన్ని దర్శనములలో పరిపాటి. భగవద్రామానుజులు ఆ మార్గమున పోలేదు. జ్ఞానమంతయు యథార్థవిషయకమే యను సిద్ధాంతమును శ్రీభాష్యమున స్థాపించిరి. ఆ సిద్ధాంతము ననుసరించి చూడగా చినుకు సత్యము, కిరణము సత్యము, చూచువాడు సత్యము. ఈ మూడును ఒక కోణమున కలసినపుడు తోచు రంగులును సత్యమే. మనస్సు లేని కెమెరా భ్రమపడుటకు అవకాశము లేదు గదా! పైగా మానవనేత్రమునకు సరిగా అందనిదానిని సైతము అది చూపినది. చినుకులో మూడుమారులు మరలిన కాంతివలన సూర్యుడున్న దిక్కుననే ఒక మూడవ విల్లు ఏర్పడవలెనని గణితము చాలకాలముగా చెప్పుచుండెను. సూర్యుని వెలుగులో దానిని చూచితిమన్నవారు అత్యల్పులు. 2011లో జర్మనీ దేశమున ఇరువురు ఛాయాగ్రాహకులు మూడవ విల్లును, దాని తరువాతి నాలుగవ విల్లును చిత్రములలో పట్టగలిగిరి. యంత్రమును నిందించుట ఈ చర్చకు ఉద్దేశము కాదు. అది తన పని తాను చేయుచున్నది. చిక్కంతయు యంత్రము వెనుక నిలిచినవానితో.

మనుస్మృతి నాలుగవ అధ్యాయమున స్నాతకునకు చెప్పిన నియమములలో ఒకటి చిత్రముగా నుండును. వివేకవంతుడు ఆకాశమున ఇంద్రాయుధమును చూచినచో మరియొకరికి దానిని చూపరాదట! తెలుగునాట అనేక గృహములవారు అనుసరించు ఆపస్తంబ ధర్మసూత్రమును దానిని ఇతరులకు ఇంద్రధనుస్సని చెప్పవద్దన్నది; గౌతముడు మణిధనుస్సని చెప్పవలెనన్నాడు. దేవతాయుధమునెడ మర్యాదయని కొందరు, దోషభయమని కొందరు తలంతురు. స్మృతివాక్యములో కారణము చెప్పబడలేదు. కాని పైన చెప్పిన సంగతి తెలిసిన తరువాత ఈ నియమమును చదివినచో ఒక భావము దానంతట అదే కలుగును. ఎవడును తన హరివిల్లును ఇంకొకనికి చూపలేడు. వ్రేలు చాచి చూపినపుడు ఆ ఇంకొకడు చూచునది తన హరివిల్లునే. ఇది స్మృతికర్త హృదయమని ఎవరును చెప్పజాలరు. విచారించువానికి తోచు తాత్పర్యము మాత్రమే.

తలనీడ కేంద్రమగుట యను ఈ సంగతి హరివిల్లులో కొంత మరుగుననుండును. మంచు కప్పిన కొండలపై అది బట్టబయలగును. భూమి యొక్క ఆకారమును కొలుచుటకై 1735లో బయలుదేరి దక్షిణ అమెరికాకు పోయిన ఫ్రెంచి పండితుల బృందములో బూగేర్ అనునతడుండెను. స్పెయిన్ దేశీయుడైన ఉల్లోవా వారికి తోడుపోయెను. ఆండీస్ పర్వతములలో ఒక ప్రాతఃకాలమున వారు సూర్యుని వెనుకనిడుకొని నిలువగా, ఎదుటి పొగమంచుపై వారి నీడలు పడెను. ప్రతివాడును తన నీడ తలచుట్టు రంగుల వలయములను చూచెను. తోటివారి తలలచుట్టు ఏమియు లేదు! ప్రక్కవానిని అడుగగా అతడును అదే మాట చెప్పెను, తన తలకు మాత్రమే వలయమున్నదని. అతి సూక్ష్మమైన మంచుతుంపరలు కాంతిని వచ్చిన దారినే మరల పంపుటవలన ఈ వింత కలుగును. ఆ దారిలో నున్నది ఎవరి కన్ను వారిదే.

వారు ఆరేడుగురు కలసి యుండిరి గనుక నిజము తెలిసినది. ఒంటరివానికి ఏమగునో ఇటలీ దేశపు శిల్పి చెల్లీనీ కథ చెప్పును. 16వ శతాబ్దివాడైన ఈ గొప్ప స్వర్ణకారుడు చెరసాల అనుభవించి వచ్చిన తరువాత ఉదయవేళ మంచు పట్టిన గడ్డిపై తన నీడ తలచుట్టు ఒక వెలుగు చూచెను. అది దేవుడు తనకిచ్చిన ప్రత్యేక తేజస్సని నమ్మి, స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఏరికోరి కొలదిమందికి దానిని చూపితినని గూడ చెప్పుకొనెను. వారు చూచినది ఎవరి తలచుట్టు వెలుగో అడిగి తెలిసికొనినట్లు లేదు. కార్తికమాసపు ఉదయమున కోనసీమలో వరిచేని గట్టుపై నడచు రైతు నీడకును ఇదే వెలుగుండును. మంచుబొట్టు ఒక్కొక్కటియు చిన్న కటకమై కాంతిని వెనుకకు పంపుచున్నది. ఆ రైతు దానిని చూచియుండవచ్చును, చూడకపోవచ్చును; తాను మహాత్ముడనని మాత్రము గ్రంథము వ్రాయలేదు.

చైనా దేశమున ఎమై పర్వతము బౌద్ధులకు పుణ్యక్షేత్రము. 3 వేల మీటర్లకు పైబడిన దాని శిఖరముపై నిలిచినవారికి క్రింది మేఘములపై తమ నీడయు, దానిచుట్టు వలయమును కనబడును. బుద్ధుని ప్రభయని దానికి పేరు. ఆ ప్రభ తమ్ము పిలుచుచున్నదని భావించి కొండ అంచునుండి దూకి ప్రాణములు విడిచిన యాత్రికులు పూర్వమున్నారని చెప్పుదురు. ఆ కొనకు ఆత్మత్యాగపు కొన యను పేరు కూడ నిలిచినది. వారి భక్తిని పరిహసించుట తగదు. కాని వారు తమ నీడను తామే పిలుపుగా భావించిరి గదా యని తలచినపుడు మనస్సు కలుక్కుమనును. నేడు కొండదారులలో ఒక చక్కని చిత్రము కొరకు, అందు తమ ముఖము కనబడుట కొరకు, పిట్టగోడ దాటి అంచున నిలుచు యువకుల తల్లిదండ్రులు ఈ కథను ఒకమారు వారికి చెప్పుట మంచిది.

విమానములో ప్రయాణించువారు సూర్యునకు ఎదురువైపు కిటికీ వద్ద కూర్చున్నచో మేఘములపై విమానపు నీడను, దానిచుట్టు రంగుల వలయమును చూడగలరు. నీడ పెద్దదిగా నున్నపుడు తీసిన చిత్రములో వలయముల నడిబిందువును పరిశీలించినచో, ఛాయాగ్రాహకుడు ఏ వరుసలో కూర్చున్నాడో చెప్పవచ్చును. ముందు కూర్చున్నవానికి ముందుభాగమున, తోకవద్ద కూర్చున్నవానికి తోకవద్ద వలయము కట్టును. ఒకే విమానము, ఒకే మేఘము. కూర్చున్నవారందరును ఎవరికి వారే మధ్యనున్నారు.

ఇదే దృశ్యము మరియొకనిని వేరుదారిన నడిపినది. చార్లెస్ విల్సన్ అను యువకుడు 1894 సెప్టెంబరులో స్కాట్లండునందలి బెన్ నెవిస్ శిఖరముపై నున్న వాతావరణ పరిశోధనశాలలో రెండు వారములు గడపెను. మేఘములపై తన నీడచుట్టు వలయములను, సూర్యుని చుట్టు రంగులను చూచి ముగ్ధుడయ్యెను. అతనికి తన తలపై ధ్యాస కలుగలేదు, మేఘముపై కలిగెను. మేఘమును గాజుపాత్రలో తానే పుట్టించి ఆ రంగులను మరల చూడవలెనని ప్రయోగములు మొదలుపెట్టెను. ఆ ప్రయత్నమే మేఘపేటిక అను యంత్రమునకు దారితీసినది. 1911 నాటికి కంటికి కనబడని అణుకణములు మేఘములో విడిచిపోవు జాడలను అతడు ఛాయాచిత్రములుగా తీయగలిగెను. 1927లో నోబెల్ బహుమానము లభించెను. ఇరువురును తమ నీడచుట్టు వెలుగునే చూచిరి, చెల్లీనీయు, విల్సనును. అంతకుమించి ఇచ్చట చెప్పవలసినది లేదు.

శ్రీమద్భాగవత దశమస్కంధమున కంసుని రంగస్థలమునకు శ్రీకృష్ణుడు వచ్చినపుడు మల్లులకు పిడుగుగాను, స్త్రీలకు మన్మథునిగాను, గోపాలురకు తమవానిగాను, కంసునకు మృత్యువుగాను కనబడెనని యున్నది. ఎవరి దర్శనము వారిది. యమునాతీరమున గోపికల వృత్తాంతము ఇంకను సూక్ష్మము. కృష్ణుడు తమకు దక్కినాడను గర్వము వారికి కలిగినంతనే ఆయన అదృశ్యుడయ్యెను. చూచువాని తల కేంద్రముగా నిలిచినపుడు హరివిల్లు వెలయును. చూచువాని అహంకారము కేంద్రముగా నిలిచినపుడు హరి మరుగగును. పోలిక ఇచ్చట తెగిపోవుచున్నది. పిమ్మట గోపికలు ఒకరినొకరు పట్టుకొని చెట్టు చెట్టును అడుగుచు వెదకిరి. కలసి కూర్చుండి పాడిరి, ఏడ్చిరి. అప్పుడు గదా ఆయన నవ్వుచు వారి నడుమ వెలసినది! తరువాతి రాసక్రీడలో ప్రతి గోపికకును తన ప్రక్కనే కృష్ణుడున్నాడు. అది గర్వము అణగిన తరువాతి మాట.

ఆ గోపికల వ్రతమునే అనుసరించిన గోదాదేవి తిరుప్పావై నాలుగవ పాశురమున వాననే వేడినది. మేఘము స్వామి మేనివలె నల్లనై, ఆయన చక్రమువలె మెరసి, శంఖమువలె ఉరిమి, శార్ఙ్గమను వింటినుండి వెడలు బాణములవలె వర్షింపవలెనని ఆమె కోరిక. హరివిల్లు శార్ఙ్గమే యని భావించుటకు వైష్ణవులకు ఇంతకంటె ఆధారము అక్కరలేదు. ఆమె కోరినది వింటి సొగసు చూచుటకు కాదు, లోకము బ్రతుకుటకు, తామందరును కలసి మార్గశిర స్నానము చేయుటకు. ధనుర్మాసమున తిరుమలలో సుప్రభాతమునకు బదులు ఈ తిరుప్పావైయే వినిపించును.

తిరుమల ఆలయమునకు పోవు యాత్రికుడు ఫోనును, కెమెరాను వెలుపలనే అప్పగించి వరుసలో చేరవలెను. కొందరికి ఇది కష్టముగా తోచును. దూరదేశమునుండి వచ్చి, గంటలకొలది నిలిచి, క్షణకాలము చూచి, ఇంటికి గుర్తుగా ఏమియు తీసికొనిపోలేమా యని బాధపడుదురు. ఆ బాధ తప్పని చెప్పరాదు. ప్రేమ ఉన్నచోటనే అది పుట్టును. కాని శేషాచలముపై వాన వెలసిన సాయంకాలము తూర్పున హరివిల్లు పొడమినపుడు కొండపైనున్న జనములో ఎన్ని కన్నులు కలవో అన్ని విండ్లు కలవు. దానివైపు నడచిన కొలది అది వెనుకకు జరుగును. లోపల గర్భాలయమున నున్నవాడు అట్టివాడు కాడు. చూచినవాని స్థానమును బట్టి జరుగడు. ముందు నిలిచినవానికిని, వెనుక నిలిచినవానికిని, కన్నులు మూసికొని మ్రొక్కినవానికిని ఎదుటనున్నది ఒక్క మూర్తియే. అర్చావతారమున ఆయన వహించిన సౌలభ్యము ఇదియేయని ఆచార్యులు చెప్పుదురు.

దర్శనమైన పిమ్మట యాత్రికుడు శఠారికై తల వంచును. స్వామి పాదములు గల ఆ కిరీటమునకు నమ్మాళ్వారుల పేరు పెట్టిరి. అర్చకస్వామి దానిని ఒక్క క్షణము తలపై నుంచి, తరువాతివానివైపు త్రిప్పును. ధనికుని తలపై ఉంచినదే పేదవాని తలపైనను ఉంచబడును. మంచుకొండపై నిలిచినవాడు తన తలచుట్టు వెలుగును తానే చూచును, ప్రక్కవాడు చూడలేడు. శఠారి సోకినవాడు దానిని చూడలేడు. తల వంగియున్నది, కన్నులు నేలపైనున్నవి. వెనుక వరుసలో నిలిచి తన వంతుకై వేచియున్నవానికి మాత్రము అది స్పష్టముగా కనబడుచుండును.